లాప్‌టాప్‌కు కొత్త మెదడు: ఆపరేటింగ్ సిస్టం పరకాయ ప్రవేశం

అమెరికాకు తొలిసారి ప్రయాణమైన తెలుగు కుటుంబాల సామానులో ఒకప్పుడు పిండి రుబ్బే గ్రైండరు తప్పనిసరిగా ఉండేది. ఇక్కడి బ్లెండర్లతో ఇడ్లీ పిండి కుదరదన్నది పెద్దల తీర్మానం. అసలు చిక్కు దిగిన తరువాత తెలిసేది. ఇండియాలో ఇంటి విద్యుత్తు 230 వోల్టులు, సెకనుకు 50 ఆవృత్తులు. అమెరికాలో 120 వోల్టులు, 60 ఆవృత్తులు. అప్పుడు రెండే మార్గాలు మిగిలేవి. బరువైన ట్రాన్స్‌ఫార్మరు ఒకటి కొని, గ్రైండరుకు తానింకా విజయవాడలోనే ఉన్నానన్న భ్రమ కల్పించడం మొదటిది. మోటారును విప్పించి, ఇక్కడి విద్యుత్తుకు తగినట్లు తీగ మళ్ళీ చుట్టించడం రెండవది. మొదటి పద్ధతి సులభమే గాని, ట్రాన్స్‌ఫార్మరు వేడెక్కుతుంది, చోటు ఆక్రమిస్తుంది; పైగా అది వోల్టులను మారుస్తుంది గాని ఆవృత్తిని మార్చలేదు. రెండవ పద్ధతిలో శ్రమ ఎక్కువ. అయితే ఒకసారి పని పూర్తయిన తరువాత గ్రైండరు ఈ దేశపు వస్తువే అవుతుంది.

కంప్యూటరు లోకంలోనూ సరిగ్గా ఇదే సమస్య ఉన్నది. ఒక జాతి ప్రాసెసర్ కోసం సిద్ధమైన ప్రోగ్రామును మరొక జాతి ప్రాసెసర్ మీద నడపదలచుకుంటే, పాత ప్రాసెసర్ లాగా నటించే మరొక ప్రోగ్రామును మధ్యవర్తిగా నిలపవచ్చు. దీనిని ఎమ్యులేషన్ అంటారు. ఇది ట్రాన్స్‌ఫార్మరు పద్ధతి. లేదా ఆ ప్రోగ్రామునే కొత్త ప్రాసెసర్‌కు అనుగుణంగా తిరిగి సిద్ధం చేయవచ్చు. దీనికి పోర్టింగ్ అని పేరు. తెలుగులో తరలింపు అనుకోవచ్చు. తరలించవలసినది ఒక లెక్కల ప్రోగ్రాము అయితే సంగతి చిన్నది. యంత్రాన్ని నిద్రలేపి, తక్కిన ప్రోగ్రాములన్నిటికీ చోటు చూపి, వాటి తగవులు తీర్చే ఆపరేటింగ్ సిస్టమునే తరలించవలసి వస్తే, అది విక్రమార్కుని కథలలో వినిపించే పరకాయ ప్రవేశ విద్య వంటిది. శరీరం కొత్తది, ప్రాణం పాతది. చూచేవారికి మాత్రం మార్పు తెలియకూడదు.

ఈ విద్య ఇంతకాలం పెద్ద సంస్థల ప్రయోగశాలలకే పరిమితమై ఉన్నది. దానిని సామాన్యుని బల్ల మీదికి తెచ్చినది విడిభాగాల లాప్‌టాప్. మామూలు లాప్‌టాప్ జిగురుతో అతికించి మూసిన పెట్టె. లోపల ఒకటి చెడితే మొత్తం పారవేయవలసినదే. శాన్ ఫ్రాన్సిస్కోలో నీరవ్ పటేల్ స్థాపించిన ఫ్రేమ్‌వర్క్ అనే సంస్థ 2021లో ఇందుకు విరుద్ధమైన లాప్‌టాప్‌ను అమ్మకానికి పెట్టింది. తెర, కీబోర్డు, బ్యాటరీ, చివరకు ప్రాసెసర్ ఉండే మెయిన్‌బోర్డు కూడ ఇంట్లో మార్చుకోవచ్చు. అందుకు కావలసిన స్క్రూడ్రైవరు పెట్టెలోనే వస్తుంది. కొత్త తరం ప్రాసెసర్ వచ్చినప్పుడు బోర్డు ఒక్కటే కొనుక్కొని, తక్కిన దేహాన్ని అట్లాగే ఉంచుకోవచ్చు.

మొదట ఇంటెల్ బోర్డులు వచ్చాయి. 2023లో ఏఎండీ బోర్డు వచ్చింది. ఈ మార్పు పైకి పెద్దదిగా తోచినా లోపల అంత పెద్దది కాదు. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లు రెండూ ఎక్స్ 86 అనే ఒకే ఆదేశావళిని అర్థం చేసుకుంటాయి. కృష్ణా జిల్లా వారు కరీంనగర్‌లో కాపురం పెట్టినట్లు: నాలుగు మాటలు కొత్తగా వినిపిస్తాయి, కాని భాష తెలుగే. పాత డిస్కును పీకి కొత్త బోర్డుకు తగిలిస్తే ఆపరేటింగ్ సిస్టం చాలా వరకు యథాతథంగా లేచి నిలుస్తుంది.

నిజంగా భాష మారినది తరువాత. 2024 జూన్‌లో డీప్‌కంప్యూటింగ్ అనే సంస్థ అదే 13 అంగుళాల ఫ్రేమ్‌వర్క్ దేహంలో ఇమిడే రిస్క్-ఫైవ్ బోర్డును ప్రకటించింది. 2025 ఆరంభంలో అది కొనుగోలుదారులకు అందింది. అందులోని చిప్ స్టార్‌ఫైవ్ వారి జెహెచ్ 7110. దానిలో సైఫైవ్ సంస్థ రూపొందించిన యూ 74 అనే కోర్లు నాలుగు. విడిభాగాల యంత్రం అని పేరే గాని ఈ బోర్డు మీద మెమరీ అతికించి ఉంటుంది. అది చిప్ విధించిన పరిమితి. వేగంలో ఇది ఇంటెల్ బోర్డుతో పోటీ పడదు. ఇది ఇంటి అవసరాలకు కాదనీ, పరిశోధకులకూ ప్రోగ్రాములు వ్రాసేవారికీ ఉద్దేశించినదనీ ఫ్రేమ్‌వర్క్ సంస్థే ముందుగా చెప్పింది. అమ్ముకునేవారు ఇంత నిజాయితీగా మాట్లాడడం అరుదు.

రిస్క్-ఫైవ్ అన్నది ఒక చిప్ పేరు కాదు, ఒక ఆదేశావళి పేరు. 2010లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో క్రిస్టే అసనోవిచ్, డేవిడ్ ప్యాటర్సన్, వారి విద్యార్థులు దీనికి శ్రీకారం చుట్టారు. ఎక్స్ 86 ఆదేశాలతో చిప్ తయారు చేయడానికి అనుమతి గల సంస్థలు వేళ్ళ మీద లెక్కించదగినన్ని. రిస్క్-ఫైవ్ ఆదేశావళిని ఎవరైనా, ఎవరికీ రుసుము చెల్లించకుండా, తమ చిప్‌లో వాడుకోవచ్చు. దాని మూల భాగం మిక్కిలి చిన్నది: 32 బిట్ల మూల ఆదేశావళిలో ఉన్నవి 40 ఆదేశాలే. గుణకారం, దశాంశాల లెక్కలు, వరుస సంఖ్యలన్నిటినీ ఒక్క దెబ్బతో లెక్కించే వెక్టర్ ఆదేశాలు మొదలైనవి దీనికి అనుబంధాలు. ఏ అనుబంధాలు చేర్చుకోవాలో చిప్ చేసేవారి ఇష్టం. ఈ స్వేచ్ఛలో ఒక చిక్కు దాగి ఉన్నది. అది ఈ కథ చివరలో బయటపడుతుంది.

ఇక ఆపరేటింగ్ సిస్టం విషయం. దానిని ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి తరలించవచ్చునన్న ఊహే ఒకప్పుడు విచిత్రంగా ఉండేది. యంత్రం కొంటే దానితోపాటు దాని ఆపరేటింగ్ సిస్టం వచ్చేది. యంత్రంతోపాటే అదీ ముసలిదయ్యేది. 1969లో బెల్ ప్రయోగశాలలో పుట్టిన యునిక్స్ కూడ మొదట పీడీపీ-7 అనే యంత్రపు అసెంబ్లీ భాషలోనే ఉండేది. 1973లో దానిని సీ భాషలో తిరిగి వ్రాశారు. అసలు పరీక్ష 1977లో జరిగింది. డెన్నిస్ రిచీ, స్టీవెన్ జాన్సన్ యునిక్స్‌ను ఇంటర్‌డేటా 8/32 అనే యంత్రానికి తరలించారు. అది అప్పటి తమ యంత్రానికి సాధ్యమైనంత భిన్నంగా ఉన్నదని ఎంచుకున్నారు. అదే ఏడు ఆస్ట్రేలియాలోని వొలొంగాంగ్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ మిల్లర్, వేరుగా, ఇంటర్‌డేటా 7/32 మీదికి యునిక్స్‌ను తెచ్చాడు.

ఆ రోజులనాటి ఒక ముచ్చట కంప్యూటరువారి నోట నేటికీ వినిపిస్తుంది. కొత్త యంత్రంలో యునిక్స్ అన్న పేరు అచ్చు కావలసిన చోట ఇంగ్లీషు అక్షరాలు జంటజంటలుగా తారుమారై నుక్సి అని వచ్చిందట. కారణం తెలుగు అక్షరంతోనే చూడవచ్చు. యూనికోడ్‌లో ‘అ’ అక్షరానికి కేటాయించిన సంఖ్య 3077. ఒక బైటులో 0 నుండి 255 వరకే పడుతుంది గనుక దీనిని రెండు బైట్లుగా విడదీయాలి: 12, 5. పన్నెండును 256తో గుణించి 5 కలిపితే 3077 వస్తుంది. కొన్ని యంత్రాలు 12ను ముందు, 5ను తరువాత దాస్తాయి. మరికొన్ని 5ను ముందు దాస్తాయి. ఒకటి దాచినదానిని మరొకటి చదివితే 5ను 256తో గుణించి 12 కలుపుతుంది, 1292 వస్తుంది. అది రష్యన్ వ్రాసే సిరిలిక్ లిపికి చెందిన ఒక అక్షరపు సంఖ్య! తెలుగు ఉత్తరం తెరిస్తే రష్యా దేశపు అక్షరాలు కనిపించడానికి ఇంతకంటె మాయ అక్కరలేదు. అదృష్టవశాత్తు ఎక్స్ 86, రిస్క్-ఫైవ్ ఈ ఒక్క విషయంలో ఒకే సంప్రదాయం పాటిస్తాయి. రెండూ చిన్న భాగాన్నే ముందు దాస్తాయి. పైగా నేడు తెలుగు పాఠం ఎక్కువగా యూటీఎఫ్-8 పద్ధతిలో నిలువ ఉంటుంది. అందులో ‘అ’ అంటే 224, 176, 133 అనే మూడు బైట్లు, ఎప్పుడూ ఇదే వరుసలో. యంత్రం ఏదైనా తేడా రాదు.

లినక్స్ కథ మరీ విచిత్రం. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ దానిని ప్రకటించినప్పుడు, ఇది 386 ప్రాసెసర్ సౌకర్యాలను ఆశ్రయించి వ్రాసినది గనుక వేరే యంత్రాలకు తరలదని తానే చెప్పుకున్నాడు. నాలుగేళ్ళు తిరగకుండానే, 1995లో వెలువడిన 1.2 సంచికలో ఆల్ఫా, స్పార్క్, మిప్స్ ప్రాసెసర్లకు చోటు దొరికింది. ఆ తొలి తరలింపులలో ముఖ్యమైన మార్పు ప్రోగ్రాము నిర్మాణంలో వచ్చింది. ఏది ప్రాసెసర్‌కు సంబంధించినది, ఏది అన్నిటికీ సామాన్యమైనది అని విడదీసి, మొదటిదానిని వేరే అరలో పెట్టారు. విండోస్ ఎన్‌టీ కర్తలు ఇదే జాగ్రత్తను మొదటినుండీ పాటించారు: ఎక్స్ 86 అలవాట్లు తెలియకుండా చొరబడకూడదని, తొలి దశలో ఇంటెల్ ఐ 860 మీద, తరువాత మిప్స్ మీద పని చేశారు. వంట నేర్చుకునేవారిని మొదటే అత్తవారింటి పొయ్యి మీద చేయించినట్లన్నమాట.

రిస్క్-ఫైవ్‌కు లినక్స్‌లో ఆ అర ఏర్పడినది 2018 జనవరిలో, 4.15 సంచికతో. అంతకుముందే, 2017లో, జీసీసీ కంపైలర్ రిస్క్-ఫైవ్ ఆదేశాలను పుట్టించడం నేర్చుకున్నది. కంపైలర్ ముందు రావలసినదే. కొత్త యంత్రం మీద ఇంకా ఏమీ నడవదు గనుక, పాత యంత్రం మీద కూర్చొని కొత్త యంత్రపు భాషలో ప్రోగ్రాములు తయారు చేయాలి.

ఆ అరలో ఏముంటుంది? నిత్యం జరిగే ఒక చిన్న పనిని చూస్తే తెలుస్తుంది. ఒక ప్రోగ్రాము తెర మీద ఒక పంక్తి వ్రాయాలంటే తానే వ్రాయలేదు. ఆపరేటింగ్ సిస్టమును అభ్యర్థించాలి. రిస్క్-ఫైవ్‌లో ఈకాల్ అనే ఆదేశం ఆ అభ్యర్థన. అది వినగానే ప్రాసెసర్ చేస్తున్న పనిని ఆపి, ప్రోగ్రాము ఎక్కడ ఆగినదో, ఎందుకు ఆగినదో ప్రత్యేకమైన రిజిస్టర్లలో వ్రాసుకొని, ఆపరేటింగ్ సిస్టం నిర్ణయించిన ద్వారం దగ్గరికి దూకుతుంది. అక్కడ అసెంబ్లీ భాషలో వ్రాసిన కొన్ని పంక్తులు ప్రోగ్రాము రిజిస్టర్లను భద్రపరుస్తాయి. ఎక్స్ 86లో 64 బిట్ల సాధారణ రిజిస్టర్లు 16. రిస్క్-ఫైవ్‌లో 32, అందులో ఒకటి ఎల్లప్పుడూ సున్నాయే గనుక దాచవలసినవి 31. ‘వ్రాయి’ అన్న అభ్యర్థన సంఖ్య కూడ వేరు: లినక్స్‌లో 64 బిట్ల ఎక్స్ 86కు అది 1, రిస్క్-ఫైవ్‌కు 64. పని ఒకటే, గుమ్మం వేరు. ఆ పంక్తులలో ఒక్క రిజిస్టరును దాచడం మరచిపోతే యంత్రం వెంటనే కూలదు. గంట తరువాత, సంబంధం లేని మరొక ప్రోగ్రాములో, ఒక లెక్క తప్పుతుంది.

వ్రాసి ఉన్న నియమాలను పాటించడం కష్టమైనా సాధ్యమే. తరలింపులో ప్రాణం తీసేవి ఎవరూ వ్రాయని నమ్మకాలు. వాటిలో అతి సూక్ష్మమైనది మెమరీలో సంఘటనల వరుసకు సంబంధించినది.

అమెరికాలో ఇంటిముందు ఉత్తరాల పెట్టెకు ఎర్ర జెండా ఉంటుంది. ఉత్తరం పంపదలచినవారు దానిని పెట్టెలో ఉంచి, తరువాత జెండా ఎత్తుతారు. పోస్టుమాను జెండా చూచి పెట్టె తెరుస్తాడు. ఒక ప్రాసెసర్‌లోని రెండు కోర్లు కూడ ఇట్లాగే పని పంచుకుంటాయి: మొదటి కోరు సమాచారాన్ని మెమరీలో పెట్టి, తరువాత ‘సిద్ధం’ అన్న గుర్తు వ్రాస్తుంది, రెండవది గుర్తు చూచి సమాచారం తీసుకుంటుంది. ఎక్స్ 86 ప్రాసెసర్ ఈ వరుసను కాపాడుతుంది. ఉత్తరం పెట్టకముందే జెండా లేచినట్లు రెండవ కోరుకు ఎప్పుడూ కనిపించదు. రిస్క్-ఫైవ్ నియమాలు ఆ హామీ ఇవ్వవు. వేగం కోసం చిప్ రెండు వ్రాతలను ఏ వరుసలోనైనా బయటపెట్టవచ్చు. జెండా లేచి ఉంటుంది. పెట్టె తెరిస్తే ఖాళీ. ఆ వరుస ముఖ్యమైన చోట ఫెన్స్ అనే ఆదేశంతో ప్రోగ్రాము కంచె కట్టుకోవాలి.

ఎక్స్ 86 మీద ఇరవై ఏళ్ళు తప్పు లేకుండా నడిచిన ప్రోగ్రాములో ఈ కంచె లేకపోతే, లేదన్న సంగతి ఎవరికీ తెలియదు. కొత్త యంత్రం మీద అది రోజుకొకసారో, నెలకొకసారో తప్పుతుంది, వెదకబోతే దొరకదు. ఇక్కడ లినక్స్‌కు పాత పుణ్యం కలిసివచ్చింది. ఆల్ఫా ప్రాసెసర్ ఈ విషయంలో రిస్క్-ఫైవ్ కంటె కూడ ఎక్కువ స్వేచ్ఛ తీసుకునేది. దానితో వేగినవారు కంచెలు ఎక్కడ కావాలో ఆనాడే గుర్తించి పెట్టారు. నేడు ఆల్ఫా యంత్రాలు పురావస్తువులు. వాటి కోసం పడిన పాట్లు మాత్రం కొత్త చిప్‌కు రక్షణగా నిలిచాయి. ఆ శిక్షణ పొందని అనువర్తన ప్రోగ్రాములే ఎక్కువగా తడబడతాయి.

మరొక మౌన విశ్వాసం చిరునామాల పొడవు గురించినది. యూ 74 వంటి కోర్లు వాడే ఎస్‌వీ 39 పద్ధతిలో చిరునామాకు 39 బిట్లు, అనగా 512 గిగాబైట్ల ఊహా స్థలం. మామూలు ఎక్స్ 86 యంత్రాలలో 48 బిట్లు. మెమరీ 8 గిగాబైట్లే ఉన్న లాప్‌టాప్‌లో ఇది ఎవరికి పట్టింది అనిపించవచ్చు. కాని కొన్ని ప్రోగ్రాములు చిరునామాలోని ఖాళీ బిట్లలో తమ సొంత గుర్తులు దాచుకుంటాయి. ఉత్తరం కవరు మీద చిరునామా పక్కన కిరాణా పద్దు వ్రాసుకున్నట్లు. కవరు కొలత మారగానే రెండూ కలిసిపోతాయి. తాము అప్పటికప్పుడు యంత్రాదేశాలను పుట్టించుకొని నడిపే ప్రోగ్రాములకు, అనగా బ్రౌజరులోని జావాస్క్రిప్టుకూ, జావాకూ, ఈ బాధతోపాటు ఆదేశాలను పుట్టించే భాగాన్ని మొత్తంగా తిరిగి వ్రాసే బాధ కూడ ఉన్నది. లినక్స్ కేంద్రం రిస్క్-ఫైవ్‌కు వచ్చినది 2018లో. జావా మూల ప్రతిలో ఆ తరలింపు చేరినది 2022 సెప్టెంబరులో, 19వ సంచికతో.

ఇంతవరకు చెప్పినది ప్రాసెసర్ గురించి. లాప్‌టాప్ అంటే ప్రాసెసర్ మాత్రమే కాదు. మామూలు పర్సనల్ కంప్యూటరులో పరికరాలు చాలా వరకు బడిపిల్లల వంటివి: ఆపరేటింగ్ సిస్టం హాజరు పిలిస్తే తమ పేరూ ఊరూ చెప్తాయి. మిగిలిన వివరాలు బోర్డులోని ఫర్మ్‌వేర్ పట్టికలుగా అందిస్తుంది. జెహెచ్ 7110 వంటి చిప్‌లలో పరికరాలు చిప్ లోపలే, నిర్ణీత చిరునామాలలో, మౌనంగా కూర్చుంటాయి. పిలిస్తే పలకవు. ఎక్కడ ఏమున్నదో ఎవరో వ్రాసి ఇవ్వాలి. ఆ పత్రానికి డివైస్ ట్రీ అని పేరు. ఏ చిరునామాలో ఏ పరికరం, దానికి ఏ గడియారం, ఏ విద్యుత్ సరఫరా, ఏ పిన్ను అన్న వివరాలన్నీ శాఖోపశాఖలుగా అందులో ఉంటాయి.

యంత్రాన్ని ఆన్ చేసినప్పుడు జరిగేది ఇది: చిప్‌లో శాశ్వతంగా చెక్కిన చిన్న ప్రోగ్రాము యూ-బూట్ అనే ప్రోగ్రాము తొలి భాగాన్ని తెస్తుంది, అది మెమరీని సిద్ధం చేసి ఓపెన్ ఎస్‌బీఐ అనే కాపరిని నిలుపుతుంది, పిమ్మట యూ-బూట్ మలి భాగం లినక్స్‌నూ డివైస్ ట్రీనీ మెమరీలోకి ఎత్తి, పగ్గాలు లినక్స్‌కు అప్పగిస్తుంది. ఈ ఎస్‌బీఐకీ మనవాళ్ళు డాలర్లు జమచేసే బ్యాంకుకూ ఏ సంబంధమూ లేదు. ప్రాసెసర్ అత్యున్నత అధికారంతో నడిచే స్థాయిలో ఉండి, లినక్స్ అడిగిన కొన్ని పనులు చేసిపెట్టే పొర అది.

డీప్‌కంప్యూటింగ్ బోర్డు పేరు డివైస్ ట్రీలలో ఎఫ్‌ఎంఎల్ 13 వీ 01. దాని వివరణ లినక్స్ మూల ప్రతిలో చేరింది. ఆ పత్రం ఆశ్చర్యకరంగా చిన్నది. అదే చిప్‌తో విజన్‌ఫైవ్ 2 అనే బోర్డు ఇంతకుముందే వచ్చింది. ఆ చిప్‌కు తొలి మద్దతు 2023లోనే మూల లినక్స్‌లో ప్రవేశించింది. గడియారాలు, పిన్నులు, మెమరీ కార్డుల సంగతి అప్పుడే ఎవరో తేల్చారు. కొత్త బోర్డు ఆ సామాన్య పత్రాన్ని ఉటంకించి, తన తేడాలు మాత్రం చెప్పుకుంటే సరిపోయింది. అయితే విజన్‌ఫైవ్ 2కు మూత లేదు, బ్యాటరీ లేదు, కీబోర్డు లేదు. లాప్‌టాప్‌ను లాప్‌టాప్‌గా చేసే ఆ అంశాలే మిగిలిపోయిన పని. మూత మూస్తే నిద్రించి తెరిస్తే లేవడం, బ్యాటరీలో ఎంత మిగిలినదో సరిగా చెప్పడం మనకు సహజంగా తోచే పనులు. పది పరికరాలు ఒక వరుసలో నిద్రపోయి వ్యతిరేక వరుసలో లేస్తే తప్ప మొదటిది సాధ్యం కాదు. బొమ్మలు గీసే గ్రాఫిక్స్ భాగానిది మరొక కథ. దాని రహస్యాలు చిప్ యజమాని చేతిలో ఉంటాయి. బోర్డుతో వచ్చే ప్రత్యేక లినక్స్‌లో అది పనిచేయడం వేరు, అందరి లినక్స్‌లో పనిచేయడం వేరు.

అందరి లినక్స్ అన్న మాట వద్ద కొంచెం ఆగాలి. చిప్ అమ్మేవారు తరచుగా తమ బోర్డు కోసం లినక్స్ ప్రతి ఒకటి తీసుకొని, దానిలో అవసరమైన మార్పులు చేసి, బోర్డుతో ఇచ్చివేస్తారు. మొదటి రోజు అన్నీ పనిచేస్తాయి. రెండేళ్ళ తరువాత అమ్మేవారు మరొక చిప్‌కు వెళ్ళిపోతారు. ఆ ప్రతి అక్కడే ఆగిపోతుంది. భద్రతా లోపాలు దిద్దేవారు ఉండరు. మార్పులు మూల ప్రతిలో చేరితే ఆ గతి పట్టదు. 1985 నాటి 386 ప్రాసెసర్‌ను లినక్స్ మూల ప్రతి 2012 చివరివరకు మోసింది. దానికి భిన్నంగా, 2001లో ఎంతో ఆర్భాటంతో వచ్చిన ఇటానియం, చూచుకునేవారు కరవై 2024 జనవరి నాటి 6.7 సంచికలో తొలగిపోయింది. ప్రాసెసర్ ఆయుష్షును నిర్ణయించినది వయస్సు కాదు, పోషకులు.

విడిభాగాల లాప్‌టాప్ కొన్నవారికి అసలు ప్రశ్న ఇక్కడే ఎదురైనది. రిస్క్-ఫైవ్ చిప్‌లు తలొక అనుబంధంతో వస్తుంటే అన్నిటికీ ఒకే ఆపరేటింగ్ సిస్టం తయారు చేయడం ఎట్లా? ఈ గందరగోళాన్ని తీర్చడానికి, తప్పనిసరిగా ఉండవలసిన అనుబంధాల జాబితా ఒకటి ఆర్‌వీఏ 23 అన్న పేరుతో 2024 అక్టోబరులో ఖాయమైనది. వెక్టర్ ఆదేశాలు అందులో ఉన్నాయి. యూ 74 కోర్లలో వెక్టర్ ఆదేశాలు లేవు. 2025 అక్టోబరులో వెలువడిన ఉబుంటు 25.10 ఆర్‌వీఏ 23ను కనీస అర్హతగా నిర్ణయించింది. అప్పటికి ఆ అర్హత గల బోర్డులు బజారులో దాదాపు లేవు. ఎమ్యులేటరు మీద నడిపి చూచుకోవలసిందే. అదే సంవత్సరం ఆరంభంలో అమ్మకానికి వచ్చిన లాప్‌టాప్ బోర్డు, సంవత్సరం ముగియకముందే కొత్త ఉబుంటుకు అనర్హమైనది. పాత బోర్డులకు 24.04 సంచిక మిగిలి ఉన్నది. అదే దేహంలో ఇమిడేటట్లు డీప్‌కంప్యూటింగ్ తెచ్చిన రెండవ బోర్డులో ఎనిమిది పీ 550 కోర్లు ఉన్నాయి, వేగమూ హెచ్చు; వాటిలోనూ వెక్టర్ ఆదేశాలు లేవు.

ఉబుంటు వారి తర్కం తేలికగా కొట్టివేయదగినది కాదు. కనీస అర్హత తక్కువగా ఉంచితే, రేపు వచ్చే శక్తిమంతమైన యంత్రాలు కూడ పాత చిప్‌లకు అర్థమయ్యే ఆదేశాలతోనే నడవవలసి వస్తుంది. సర్వర్ల వంటి వాటికి అది నష్టం. కాని పదేళ్ళు వాడుకొమ్మని చెప్పి అమ్మిన యంత్రం విషయంలో ఈ న్యాయం చేదుగానే ఉంటుంది. స్క్రూలు విప్పి మార్చుకునే సౌకర్యం దేహానికి దీర్ఘాయువు ఇచ్చింది గాని, ఆ బోర్డుకు ఇవ్వలేదు. ఆ లోటు తీర్చినది మరొక దారి. స్వచ్ఛంద సేవకుల సంస్థ అయిన డెబియన్ 2023 జూలైలో రిస్క్-ఫైవ్‌ను అధికారికంగా స్వీకరించింది. 2025 ఆగస్టులో వెలువడిన 13వ సంచికలో దానికి మొదటిసారిగా పూర్తి స్థానం దొరికింది. ఆ సంచికలో పాత కనీస అర్హతనే ఉంచారు. వెక్టర్ ఆదేశాలు తప్పనిసరి కావు. డెబియన్ భాండాగారంలోని దాదాపు 70 వేల ప్యాకేజీలను, కొన్ని మినహాయింపులతో, ఆ చిప్‌ల కోసం మళ్ళీ కంపైల్ చేశారు. ఇందులో కోడి ముందా గుడ్డు ముందా అన్న చిక్కులు ఎన్నో: కంపైలరును కంపైల్ చేయడానికి కంపైలర్ కావాలి.

ఆ భాండాగారంలోనే తెలుగు కూడ కొత్త యంత్రానికి వచ్చింది. ‘స్త్రీ’ వంటి సంయుక్తాక్షరంలో ఏ వత్తు ఎక్కడ కూర్చోవాలో తేల్చే హార్ఫ్‌బజ్ అనే ప్రోగ్రాము, ఏ ప్రాసెసర్‌నూ నమ్ముకోకుండా, సీ ప్లస్ ప్లస్ భాషలో వ్రాసినది. కంపైల్ చేస్తే చాలు. పోతన వంటి ఫాంటులకు ఆ శ్రమ కూడ లేదు. ఫాంటు ప్రోగ్రాము కాదు, సమాచారం. ఏ యంత్రానికైనా అదే ప్రతి సరిపోతుంది. రిస్క్-ఫైవ్ కోసం తెలుగువారెవరూ ప్రత్యేకంగా ఏమీ చేయనవసరం లేకపోవడమే ఇందులోని విశేషం.

ఈ ఉమ్మడి పనితో స్వదేశానికీ ప్రయోజనం ఉన్నది. మద్రాసు ఐ.ఐ.టి.లో కామకోటి నాయకత్వాన రూపొందిన శక్తి ప్రాసెసర్లు, సీ-డాక్ వారి వేగా ప్రాసెసర్లు రిస్క్-ఫైవ్ ఆదేశావళినే అనుసరిస్తాయి. భారత ప్రభుత్వం 2022 ఏప్రిల్‌లో ఇదే ఆదేశావళి ఆధారంగా ఒక జాతీయ కార్యక్రమాన్ని ప్రకటించింది. హాంకాంగ్ లాప్‌టాప్ కోసం ఎవరో సరిచేసిన కంపైలరు లోపం మద్రాసు చిప్‌కు కూడ సరి అవుతుంది. సొంత ఆదేశావళిని కల్పించుకొని ఉంటే కంపైలర్ దగ్గరినుండి బ్రౌజరు వరకు అన్నీ ఒంటరిగా తరలించుకోవలసి వచ్చేది.

ఆసక్తి గల విద్యార్థి ఈ విద్యను రుచి చూడడానికి బోర్డు కొననవసరం లేదు. క్యూఎము అనే ఉచిత ఎమ్యులేటరు మామూలు కంప్యూటరు మీదనే రిస్క్-ఫైవ్ యంత్రాన్ని కల్పిస్తుంది. దానిలో డెబియన్‌ను స్థాపించవచ్చు. ట్రాన్స్‌ఫార్మరు పద్ధతి గనుక నెమ్మదిగానే నడుస్తుంది. సీ భాషలో నాలుగు పంక్తుల ప్రోగ్రాము ఒకటి వ్రాసి, లినక్స్ నడిచే ఇంటి కంప్యూటరులో ఒకసారి, కల్పిత యంత్రంలో ఒకసారి కంపైల్ చేసి, వచ్చిన రెండు ఫైళ్ళలోని బైట్లను సంఖ్యలుగా చూపించే ప్రోగ్రాముతో పరిశీలించవచ్చు. మొదటి బైటును సున్నా అనుకొని లెక్కిస్తే, 18వ బైటులో ఆ ఫైలు ఏ జాతి ప్రాసెసర్‌కు చెందినదో తెలిపే సంఖ్య ఉంటుంది. ఇంటి కంప్యూటరు ఎక్స్ 86 జాతిదైతే మొదటి ఫైలులో అది 62. రెండవదానిలో 243.